లైను ఎవరి పొలం మీంచి పోవాలె?

(సాతంరాయిలో ఊరి యువకులు, చుట్టుపక్కల ఇంజనీరింగ్ విద్యార్థులు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక రిటైర్డ్ సీనియర్ ప్రాజెక్టు ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం. ముప్ఫై ఏళ్లు హైటెన్షన్ లైన్ల నిర్మాణంలో పనిచేసిన ఆయన తన పేరు, తాను పనిచేసిన సంస్థల పేర్లు వేయవద్దని కోరారు.)



నన్ను పిలిచిన తమ్ముడు ఫోనులో ఒక్కటే మాట చెప్పాడు. "సార్, మా పిల్లలు ఈఈఈ చదివి ఇంట్ల కూసుంటున్నరు. గ్రిడ్డు పనులల్ల సీనియర్ ప్రాజెక్టు ఇంజనీరంటే ఏం జేస్తడో, ఆ కొలువు ఎట్లుంటదో వచ్చి జెప్పుండ్రి" అన్నాడు. సరేనన్నాను. తీరా వచ్చి చూస్తే ముందు వరుసలో పిల్లలు లేరు. తలకు రుమాలు చుట్టుకున్న పెద్దమనుషులు కూర్చున్నారు. మీరు కొలువు గురించి వినడానికి రాలేదని మీ ముఖాలే చెబుతున్నాయి. మీరొచ్చింది లైను గురించి అడగడానికి. అందుకని రెండూ కలిపి చెబుతాను. ఆ రెండూ వేర్వేరు కావని నాకు తెలిసేసరికి సగం సర్వీసు అయిపోయింది.

సాతంరాయి నాకు కొత్త కాదు. ఇది పాత బెంగుళూరు రోడ్డు. అప్పుడు 7వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44. ఆరాంఘర్ దాటి, గగన్‌పహాడ్ దాటి, ఇక్కడ ఆగి చాయ్ తాగి శంషాబాద్ పోయేవాళ్లం. అప్పుడు రోడ్డుకు రెండు దిక్కులా జొన్న చేన్లు, జామ తోటలు, రాళ్ల గుట్టలు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు మొదలైంది. అదే ఏడాది నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగు రోడ్డు మొదటి ముక్క తెరిచారు. 2009లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది. రోడ్డు వచ్చిందని అందరూ చూశారు, విమానం వచ్చిందని అందరూ చూశారు. వాటి వెనుక కరెంటు లైను వచ్చింది. దాన్ని చూసింది మాత్రం దాని కింద భూమి ఉన్నవాళ్లే.

గొలుసుకట్టు చెరువుల లెక్క

గ్రిడ్డు అంటే ఏమిటి? మన కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువులు మీకు తెలుసు. ఒక చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు నీళ్లు పోతాయి. ఏ ఊరూ ఒంటరిగా ఎండిపోదు. గ్రిడ్డు కూడా అట్లాంటి గొలుసే. రామగుండంలో పుట్టిన కరెంటు, శ్రీశైలంలో పుట్టిన కరెంటు, ఎక్కడో ఛత్తీస్‌గఢ్‌లో పుట్టిన కరెంటు అంతా ఒకే గొలుసులో పడుతుంది. ఒక్కటే తేడా. చెరువులో నీళ్లు ఆగుతాయి, తీగలో కరెంటు ఆగదు. ఎంత వాడుతున్నామో అంతే, ఆ క్షణానికే పుట్టాలి. ఎక్కువైనా ప్రమాదమే, తక్కువైనా ప్రమాదమే. సెకనుకు 50 సార్లు కొట్టుకునే ఆ నాడిని రాత్రింబవళ్లు కాపాడటమే గ్రిడ్డు నడపడం.

ఇంత పెద్ద టవర్లు ఎందుకని అడుగుతారు. అంతే కరెంటును రెట్టింపు వోల్టేజితో పంపితే తీగలో నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే మీ బోరు దగ్గర 11 కేవీ, సబ్‌స్టేషనుకు 33, ఆపైన 132, 220, 400, ఇప్పుడు 765. టవరు కింద నిలబడి పింగాణీ డిస్కులు లెక్కపెట్టండి. 9, 10 ఉంటే 132. 13, 14 ఉంటే 220. 23 దాకా ఉంటే 400. ఇప్పుడు కొన్నిచోట్ల పింగాణీ బదులు పొడుగాటి పాలిమర్ కడ్డీలు పెడుతున్నారు, అక్కడ ఈ లెక్క చెల్లదు.

మన గ్రిడ్డు ఎట్లా పెరిగిందో నాలుగు ముక్కల్లో చెబుతాను. 1983లో రామగుండం ఎన్టీపీసీలో కరెంటు పుట్టడం మొదలైంది. అక్కడి నుంచి హైదరాబాదుకు 400 కేవీ లైన్లు వచ్చాయి. ఆ కేంద్రం పెరిగి 2,600 మెగావాట్లయింది. కానీ దక్షిణాది గ్రిడ్డు చాలాకాలం దీవి లెక్కనే ఉండిపోయింది. ఉత్తరాదితో నేరుగా కలవలేదు. చంద్రాపూర్ దగ్గర భద్రావతిలో, మన గాజువాకలో కరెంటును ఒకసారి డీసీ చేసి మళ్లీ ఏసీ చేసి ఇవతలికి పంపే ఏర్పాటు ఉండేది. అవి ఇరుకు తూములు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి సుమారు 60 కోట్ల మంది చీకట్లో పడితే మనకేమీ కాలేదు. దీవిగా ఉన్నందుకు లాభం అది. అదే ఏడాది ఇక్కడ కాటేదాన్‌లో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు, పల్లెల్లో బోర్లకు కోతలు. అటు దిక్కు కరెంటు దొరుకుతున్నా తెచ్చుకోవడానికి తొవ్వ లేదు. దీవిగా ఉన్నందుకు నష్టం ఇది. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైను ఎక్కిన తర్వాతనే దేశమంతా ఒకే గ్రిడ్డు అయింది.

తెలంగాణ వస్తే చీకటి అయితదని బెదిరించినవాళ్లు ఉన్నారు. ఆ మాటకు వేదికల మీద జవాబు చెప్పినవాళ్లు చెప్పారు. కానీ అసలు జవాబు పొలాల్లో టవర్లు నిలబెట్టి చెప్పాల్సి వచ్చింది. విభజనలో మనకు కరెంటు వాటా 53.89 శాతం వచ్చింది. అది చాలదు. ఛత్తీస్‌గఢ్ నుంచి 1,000 మెగావాట్లకు ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. కుదిరిన కరెంటు రావాలంటే తీగ కావాలి కదా. 2017లో వార్ధా నుంచి నిజామాబాద్ జిల్లా మీదుగా మన మహేశ్వరం దాకా 765 కేవీ లైను ఎక్కింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. 2014లో రాష్ట్రం గరిష్ఠ డిమాండు 7 వేల మెగావాట్ల లోపే. 2023 మార్చి 30న అది 15,497. 2025 మార్చిలో 17 వేలు దాటింది. పదేళ్లలో రెండింతలకు మించి మోయాలంటే, మోసే భుజాలు కూడా అంతే పెరగాలి. ఆ భుజాలే లైన్లు, సబ్‌స్టేషన్లు. వాటిని కట్టడమే మా పని.

కొలువు ఎట్లుంటది

ఇప్పుడు పిల్లలకు. సీనియర్ ప్రాజెక్టు ఇంజనీరు అనగానే కంప్యూటరు ముందు కూర్చుని లోడు లెక్కలు వేస్తాడని కాలేజీలో అనుకుంటారు. ఆ లెక్కలు వేసేవాళ్లు వేరే ఉంటారు. ఎక్కడ ఎంత డిమాండు పెరుగుతుంది, ఏ లైను మీద ఎంత బరువు పడుతుంది, ఎక్కడ కొత్త సబ్‌స్టేషన్ కావాలి అని వాళ్లు తేలుస్తారు. మన చేతికి వచ్చేది రెండు చుక్కలు. ఈ సబ్‌స్టేషన్ నుంచి ఆ సబ్‌స్టేషన్ దాకా లైను వేయాలి, ఇంత గడువు, ఇంత డబ్బు. ఆ రెండు చుక్కల నడుమ ఉన్న గుట్టలు, వాగులు, పట్టాలు, ఊర్లు, మనుషులు అంతా మన బాధ్యత.

మొదట కాలినడకన సర్వే. తర్వాత కొలతల సర్వే. ఇప్పుడు డ్రోన్లు, లేజర్లు వచ్చాయి, పని సులువయింది. తర్వాత అనుమతులు. అడవి ఉంటే అటవీశాఖ, ఉందానగర్ మీదుగా పోయే పట్టాల వంటివి అడ్డమొస్తే రైల్వే, రోడ్డు దాటితే హైవే వాళ్లు. ఈ దిక్కయితే విమానాల వాళ్లు తప్పనిసరి. ఆపైన గుంతలు తవ్వి టవరు కాళ్లు నిలబెట్టి కాంక్రీటు పోయాలి. అది గట్టిపడ్డాక టవరు లేపాలి. చివరికి తీగ గుంజాలి. ఆ తీగకు కూడా పేర్లుంటాయి. 132కు పాంథర్, 220కి జీబ్రా, 400కు మూస్. అడవి జంతువుల పేర్లన్నీ మన చేన్ల మీద వేలాడుతుంటాయి.

టవరు లేపే గ్యాంగుల్లో చాలామంది బెంగాల్‌లోని మాల్దా దిక్కు నుంచి వస్తారు. రేకుల షెడ్డులో పడుకుని, పొద్దున 50 మీటర్ల ఎత్తున ఉక్కు మీద నడుస్తారు. వాళ్ల బెల్టు సరిగ్గా ఉందా, హుక్కు తగిలించారా అని చూడటం మీ మొదటి డ్యూటీ. పక్కన నడుస్తున్న లైను ఉంటే, చచ్చిన తీగలో కూడా కరెంటు పుడుతుంది. పక్క లైను ప్రభావం అది. రెండు దిక్కులా ఎర్తింగు వేయకుండా, లైన్ క్లియర్ కాగితం చేతికి రాకుండా ఎవరినీ పైకి ఎక్కించకండి. పై ఆఫీసు నుంచి ఎంత ఒత్తిడి వచ్చినా సరే. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి 9 మంది ప్రాణాలు పోయాయి. మన ఇండ్లలో లైటు వెలుగుతున్నప్పుడు వాళ్లను గుర్తు చేసుకోవాలి. ఈ కొలువులో అజాగ్రత్తకు మెమో ఇవ్వరు. నేరుగా శిక్షే పడుతుంది.

ఈ ఉద్యోగంలో ఇంకో విచిత్రం ఉన్నది. రోడ్డు పని సగమైతే సగం రోడ్డు మీద బండి నడుస్తుంది. చెరువు సగం పూడిక తీస్తే సగం నీళ్లు ఆగుతాయి. లైను అట్లా కాదు. 100 టవర్లలో 99 లేచినా ఆ లైను మోసే కరెంటు సున్నా. ఆ ఒక్క టవరు దగ్గర ప్రాజెక్టు మొత్తం ఆగుతుంది. ఆ ఒక్క టవరు జాగాలో ఎప్పుడూ ఒక మనిషి నిలబడి ఉంటాడు. ఆఫీసు భాషలో అతని పేరు 'రైట్ ఆఫ్ వే సమస్య'. ఊరి భాషలో అతని పేరు రైతు.

వంపు ఎవరి కోసం

లైను నేరుగా పోవాలని ప్రతి ఇంజనీరూ కోరుకుంటాడు. నేరుగా నిలబడే టవరు తేలిక. దాన్ని ఏ రకం అంటాం, 2 డిగ్రీల దాకా మలుపుకు పనికొస్తుంది. 15 డిగ్రీలు తిరగాలంటే బీ, 30కి సీ, 60కి డీ. మలుపు పెరిగిన కొద్దీ ఉక్కు పెరుగుతుంది, కాంక్రీటు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. అందుకే రైతు వచ్చి "సారూ, జర పక్కకు జరుపుండ్రి" అంటే "సాధ్యం కాదు" అంటాం. ఖర్చు అని చెప్పం. సాంకేతికం అని చెబుతాం.

కానీ లైను వంగదా? మస్తు వంగుతుంది. మీ ఊరి మీద నిలబడి పైకి చూస్తే తెలుస్తుంది. విమానం దిగే తొవ్వలో మా టవరు ఎత్తు ఇంతకు మించవద్దని రూలు ఉన్నది. లైను చుట్టూ తిరిగి పోతుంది, లేకుంటే ఎన్నో రెట్లు ఖర్చయినా భూమి లోపల కేబులు వేస్తారు. ఎత్తయిన టవర్లకు ఎరుపు, తెలుపు రంగులు పూస్తారు, తీగలకు పెద్ద బంతులు కడతారు, పైలెట్‌కు కనబడాలని. అది సరైన పనే. వందల ప్రాణాల సంగతి. రైలు పట్టాలను దాదాపు అడ్డంగా, నిటారు కోణంలో దాటాలి. దాని కోసం ఇటొక మలుపు, అటొక మలుపు. గుడి వస్తే వంగుతుంది, దర్గా వస్తే వంగుతుంది, శ్మశానం వస్తే వంగుతుంది. వంగాలి కూడా.

మరి బోరు కోసం వంగుతుందా? బాయి కోసం వంగుతుందా? రెండెకరాల ఆసామి కోసం వంగుతుందా? దానికి రూలు లేదు. ఇంజనీరుకు మనసుంటే వంగుతుంది, లేకుంటే లేదు. నేను ముప్ఫై ఏళ్లలో నేర్చుకున్నది ఇదొక్కటే. గ్రిడ్డు ఎవరి మీద బరువు పెట్టాలన్నది కంట్రోల్ రూములో తేలదు. సర్వే కాగితం మీద పెన్సిలుతో గీత గీసిన రోజు తేలిపోతుంది. ఆ రోజు అక్కడ ఇంజనీరు తప్ప ఎవరూ ఉండరు.

నేను పెట్టిన సంతకం

ఈ మాట ఇతరుల గురించి చెప్పడం లేదు. నా గురించి చెబుతున్నాను.

ఎయిర్‌పోర్టు పనులు నడుస్తున్న రోజులు. భూమి ధర పొద్దున ఒకటి, మాపున ఒకటి. ఈ చుట్టుపక్కలే ఒక 220 కేవీ లైనులో కొంత దూరం నా కింద ఉన్నది. ఊరి పేరు చెప్పను. మొదటి సర్వేలో గీత ఒక ప్లాట్ల వెంచరు అంచు మీంచి నేరుగా పోయింది. ఆ వెంచరులో ఒక్క ఇల్లు లేదు. ఉన్నవన్నీ సున్నం పూసిన హద్దురాళ్లు. వారం తిరగక ముందే నాకు పైనుంచి ఫోను వచ్చింది. "అక్కడ చూసి అడ్జస్ట్ చెయ్యి" అన్నారు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. నేను రెండు మూల టవర్లు పెట్టి గీతను వంచాను. మూల టవర్లకు అయ్యే అదనపు ఖర్చు గురించి ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు. వంగిన గీత ముగ్గురు చిన్న రైతుల మీంచి పోయింది. అందులో ఒకామె భర్త పోయిన ముసలమ్మ.

ఆమెకున్నది రెండెకరాలు, అంటే 80 గుంటలు. లైను ఆమె పొలంలో 100 మీటర్ల పొడుగున పోయింది. 220 కేవీకి వదలాల్సిన వెడల్పు 35 మీటర్లు. గుణిస్తే సుమారు 35 గుంటలు తీగల కింద పడ్డాయి. సాగు చేసుకోవచ్చని మేం చెబుతాం. నిజమే, వరి వేసుకోవచ్చు, కూరగాయలు పెట్టుకోవచ్చు. ఇల్లు కట్టరాదు, మామిడి చెట్టు పెంచరాదు, అమ్మబోతే అడిగేవాడు రాడు. అన్నిటికంటే పెద్దది, బోరు. ఆమె పాత బోరు ఎండిపోయింది. కొబ్బరికాయ పట్టి చూపించుకున్న పాయింటు సరిగ్గా లైను కిందికి వచ్చింది. బోరు బండి ఆ నిలువు స్తంభం లేపితే తీగకు తగులుతుంది. అక్కడ బోరు వేయొద్దని రాసిచ్చింది కూడా నేనే.

తీగ గుంజే రోజు ఆమె వచ్చింది. అరవలేదు, తిట్టలేదు. వెంచరు దిక్కు చెయ్యి చూపించి, "రాళ్లకు తొవ్వ ఇడిసినవు గని, నా బోరుకు ఇడువకపోతివి గద బిడ్డా" అన్నది. నేను జవాబు చెప్పలేదు. ఆ రోజుల్లో చేతికిచ్చేది పంట నష్టం, చెట్ల నష్టం మాత్రమే. ఆమెకు ఒక కారు పంట డబ్బులు ఇచ్చాం. వేలిముద్ర తీసుకున్నాం. ఫైలులో గీత ఎందుకు మారిందో రాయాల్సిన చోట నేను నాలుగు మాటలు రాశాను. 'సాంకేతిక కారణాల రీత్యా మార్చడమైనది.' సాంకేతిక కారణం ఒక్కటి కూడా లేదు.

లైను గడువు కంటే ముందే ఎక్కింది. నాకు మెప్పు వచ్చింది.

రిటైరయ్యే ముందు ఒకసారి ఆ దిక్కు పోయాను. ముసలమ్మ లేదు. చుట్టూ భూములు కోట్ల ధర పలికాయి. ఆ 35 గుంటల్లో పల్లేరు మొలిచింది. కొడుకు ఎయిర్‌పోర్టు దిక్కు లోడింగు పనికి పోతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను, ఫోను సంగతి కూడా. అతను చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "మా అమ్మ అడిగిన్నాడే చెప్తే అయిపోవు గద సార్" అన్నాడు. అంతే. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఏ విజిలెన్సూ వేయలేదు.

బొగ్గు మాది, బూడిద మాది, వెలుగు ఎవరిదని ఒకనాడు మన వేదికల మీద అడిగాం. సింగరేణి బొగ్గు రైలెక్కి రాయలసీమ దాకా పోతుంటే అడిగాం. న్యాయమైన ప్రశ్న. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో కరెంటు ఉద్యోగులు, సింగరేణి కార్మికులు కూడా అదే ప్రశ్న మీద నిలబడ్డారు. మరి రాష్ట్రం వచ్చిన తర్వాత అదే ప్రశ్న మహేశ్వరం రైతు, నిజామాబాద్ రైతు మనను అడిగితే? పొలం మాది, టవరు మాది, వెలుగు ఎవరిదని అడిగితే? జవాబు మన దగ్గర ఉండాలి కదా.

చట్టం ఎంతవరకు

లైనుకు భూమిని సేకరించరు. ఇది చాలామందికి తెలియదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద తంతి తీగలు వేయడానికి ఇచ్చిన అధికారాన్నే 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ ద్వారా కరెంటు లైన్లకు ఇస్తున్నారు. భూమి మీ పేరు మీదనే ఉంటుంది, పాసుబుక్కులో మీరే ఉంటారు. వాడుకునే స్వేచ్ఛ మాత్రం పోతుంది. మీరు అడ్డుపడితే జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు ఉత్తర్వు తెచ్చుకుంటారు. పరిహారం చాలలేదనుకుంటే మీరు జిల్లా జడ్జి దగ్గరికి పోవచ్చు. ఆ చివరి మాట రైతులకు ఎవరూ చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను.

2015 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. 66 కేవీ, ఆపై లైన్లకు టవరు కాళ్ల నడుమ జాగాకు భూమి విలువలో 85 శాతం, తీగల కింది పట్టీకి 15 శాతం దాకా ఇవ్వాలన్నది. 2024 జూన్‌లో దాన్ని మార్చి టవరు జాగాకు 200 శాతం, పట్టీకి 30 శాతం అన్నది. 2025లో పట్టణాల దిక్కు పట్టీకి ఇంకా పెంచింది. ఇవి మార్గదర్శకాలు. రాష్ట్రాలు ఉత్తర్వులు ఇచ్చుకుని అమలు చేయాలి. అసలు చిక్కు ఏ విలువ మీద శాతం లెక్క కడతారన్న దగ్గర ఉంటుంది. కాగితం మీది ధరకు, బజారు ధరకు సాతంరాయి లాంటి చోట ఎంత తేడా ఉంటుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఒక లెక్క చూడండి. 400 కేవీ లైనులో టవరుకు టవరుకు నడుమ దూరం సుమారు 400 మీటర్లు. పట్టీ వెడల్పు 46 మీటర్లు. అంటే ఒక్క టవరు నుంచి ఇంకో టవరుకు పోయేసరికి నాలుగున్నర ఎకరాలు తీగల కింద పడుతుంది. టవరు కాళ్ల కింద పోయేది ఒకటి, రెండు గుంటలే. అందరి కండ్లు టవరు మీదనే ఉంటాయి. అసలు నష్టం నీడ పడినంత మేర ఉంటుంది.

పెన్సిలు రోజు, కాంక్రీటు రోజు

ఇందాక ఒక పెద్దమనిషి మెల్లగా అడిగారు, "లైనే వద్దంటే ఏమైతది?" అని. అన్నా, నేను ఆ మాట అనను. దూరం సబ్‌స్టేషన్ మీద బతికిన రోజుల్లో లో వోల్టేజికి మోటార్లు కాలిపోతుంటే వైండింగ్ షాపుల ముందు వరుస కట్టింది మన రైతులే. దవాఖానాలో మిషన్లు నడవాలన్నా, కాటేదాన్‌లో పిల్లలకు పని దొరకాలన్నా, ఎండాకాలం ఫ్యాను తిరగాలన్నా లైను కావాలి. లైను శత్రువు కాదు. లైను ఎటు పోవాలో ఒక్కడే కూర్చుని గీయడం, ఎందుకు వంగిందో చెప్పకపోవడం, అదీ తప్పు.

కాబట్టి ఊరివాళ్లకు నా మనవి. తీగ గుంజే రోజు అడ్డం పడుకుంటే పోలీసులు వస్తారు. సర్వే కుర్రాడు ఎర్రజెండా పాతిన రోజు పోయి అడగండి. ఎన్ని కేవీ? తొవ్వ పటం ఏది? ఇంకే తొవ్వలు చూశారు? మూల టవర్లు ఎక్కడ, ఎందుకు? అని అడగండి. తొవ్వలో ఉన్న ఊర్ల పేర్లతో పత్రికల్లో ప్రకటన వేస్తారు. అభ్యంతరం చెప్పడానికి గడువు ఉంటుంది. ఆ చిన్న అక్షరాల ప్రకటన చదివి పెట్టే ఒక చదువుకున్న పిల్లగాడు ప్రతి ఊరికీ ఉండాలి. పని మొదలుకాక ముందే బోర్లు, బాయిలు, చెట్లు, పైపులైన్లు అన్నీ పంచనామాలో రాయించండి, ఫొటోలు తీసుకోండి. కౌలుకు చేసే మనిషి ఉంటే పంట నష్టం అతని చేతికి రావాలని పట్టుబట్టండి. లైను ఎక్కినాక దాని కింద ఇనుప కంచె ఉంటే ఎర్తింగు చేయించుకోండి, బోరు బండిని, గడ్డి ట్రాక్టరును జాగ్రత్తగా తోలండి. పెన్సిలు గీతను చెరపడం అల్కగ అయితది. కాంక్రీటును చెరపడం ఎవరి తరమూ కాదు.

ఇక నా తమ్ముళ్లకు, చెల్లెండ్లకు. ఈ కొలువులోకి రండి. తప్పకుండా రండి. లోడు లెక్కలు నేర్చుకోండి, డ్రాయింగు చదవడం నేర్చుకోండి, సాఫ్ట్‌వేరు నేర్చుకోండి. దాంతోపాటు తరి అంటే ఏమిటి, ఖుష్కి అంటే ఏమిటి, గెట్టు ఎక్కడ ఉంటుంది, ఊట ఎటు దిక్కు ఉంటుంది అన్నది కూడా నేర్చుకోండి. అది మీకు తెలుసు, మీరు ఇక్కడ పుట్టారు కాబట్టి. బయటినుంచి వచ్చిన ఇంజనీరుకు పటంలో బోరు కనపడదు. మీకు కనపడాలి. సర్వేకు పోయినప్పుడు జీపు దిగండి. ఆ పొలం ఎవరిదో వాళ్లతో మాట్లాడకుండా గీత గీయకండి. అన్నిసార్లూ తప్పించడం కుదరదు. కుదరనప్పుడు కుదరదని వాళ్ల ముఖం మీదే చెప్పండి, కారణం చెప్పండి, ఆ కారణాన్నే ఫైలులో రాయండి. పైనుంచి ఫోను వస్తే, ఆ మాట కాగితం మీద పంపమని అడగండి. చాలా ఫోన్లు అక్కడే ఆగిపోతాయి. ఇది నేను చేయలేకపోయిన పని. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

'సాంకేతిక కారణాల రీత్యా' అన్న మాట మీరు ఎప్పుడైనా రాయాల్సి వస్తే ఒక్క నిమిషం కలం ఆపండి. ఆ సాంకేతిక కారణం ఏమిటో కింద ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే, అక్కడ సాంకేతికం లేదని అర్థం. సంతకం పెట్టకండి.

 ఇప్పుడు మీరు అడగండి. ముందు వరుసవాళ్లు ముందు అడగండి.